రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తులకు చేరితే ఆపరేషన్ అవసరమా?

"గడ్డ కోసి తీసేస్తే జబ్బు పోతుంది" అనుకోవడం సహజం. క్యాన్సర్ రొమ్ముకే పరిమితమై ఉన్నప్పుడు వైద్యంలో ఆపరేషన్‌దే పెద్దపీట. కానీ జబ్బు ఊపిరితిత్తులకు పాకాక డాక్టరు "ఇప్పుడు ఆపరేషన్ వద్దు, మందులు వాడదాం" అంటే ఇంటివాళ్లు హడలిపోతారు. ఇక ఆశ లేదనుకుని, నగలు తాకట్టు పెట్టి, ఆపరేషన్ చేసే మరో ఆసుపత్రి కోసం తిరుగుతారు. డాక్టరు వద్దన్నది ఆపరేషన్‌నే గాని వైద్యాన్ని కాదు.

ముందు మందులే ఎందుకు?

రొమ్ములోని క్యాన్సర్ కణాలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరతాయి. అక్కడ పెరిగేది కూడా రొమ్ము క్యాన్సరే. దీన్ని నాలుగో దశ అంటారు. స్కానింగ్‌లో కనిపించని కణాలు ఒంట్లో ఇంకెక్కడైనా ఉండవచ్చు. ఆపరేషన్ ఒక్క చోటికే పరిమితం. మందు ఒళ్లంతా తిరుగుతుంది. గడ్డ ముక్కకు ఈఆర్, పీఆర్, హెర్-2 పరీక్షలు చేసి, ఏ మందు పనిచేస్తుందో నిర్ణయిస్తారు.

పరిశోధన ఏం చెబుతోంది?

ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 2005-2013 మధ్య ఇలాంటి 350 మంది మహిళలను అధ్యయనంలో చేర్చుకుంది. వారికి గుర్తించేనాటికే జబ్బు ఇతర అవయవాలకు పాకింది. కీమోథెరపీతో గడ్డలు తగ్గాక సగం మందికి రొమ్ము, చంక ఆపరేషన్ చేశారు, మిగతావారికి చేయలేదు. రెండేళ్ల తర్వాత బతికి ఉన్నవారు మొదటి గుంపులో సుమారు 42 శాతం, రెండో గుంపులో 43 శాతం. తర్వాత అమెరికాలో జరిగిన అధ్యయనంలోనూ ఆపరేషన్ వల్ల ఆయుష్షు పెరగలేదు. టర్కీ అధ్యయనంలో కొంత మేలు కనిపించింది గాని, అక్కడ రెండు గుంపుల రోగుల స్థితి సమానంగా లేదు.

మరి ఆపరేషన్ ఎప్పుడు?

1. రొమ్ము గడ్డ పుండై రక్తం, దుర్వాసన వస్తుంటే, బాధ తగ్గించడానికి.
2. ఊపిరితిత్తిలో ఒక్క మచ్చే ఉండి, అదేమిటో తేలనప్పుడు. అది క్షయ కావచ్చు, వేరే క్యాన్సర్ కావచ్చు. సూదితో ముక్క తీయడం కుదరకపోతే చిన్న ఆపరేషన్ చేస్తారు.
3. జబ్బు చాలాకాలం అదుపులో ఉండి ఒకటి రెండు మచ్చలే మిగిలితే, కొద్దిమందికి వాటిని తొలగిస్తారు. దీనివల్ల ఆయుష్షు పెరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు.

ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరి ఆయాసం వస్తే, గొట్టం వేసి తీస్తారు. అది పెద్ద ఆపరేషన్ కాదు.

డాక్టరును అడగవలసినవి

ఈ ఆపరేషన్ ఆయుష్షు కోసమా, బాధ తగ్గడానికా? దీనివల్ల మందులు ఎన్నాళ్లు ఆగుతాయి? ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా? ఈ మాటలు రోగిని బయట కూర్చోబెట్టి మాట్లాడేవి కావు. ఆమె వినాలి, ఆమె ఇష్టం అడగాలి.

సాయం చేసేవారికి ఒక మనవి. ఆపరేషన్ అనగానే చందాలు పోగవుతాయి. నెలనెలా మందులకు, బస్సు చార్జీలకు ఎవరూ గుర్తురారు. ఈ దశలో ఆమె ప్రాణానికి ఆధారం ఆ మందులే. మధ్యలో ఆగకుండా చూడండి.