అమ్మాయి బెల్లీ డాన్స్ నేర్చుకుంటానంటే...

"అమ్మా, నేను బెల్లీ డాన్స్ నేర్చుకుంటాను" అని అమ్మాయి అడిగితే మనకు వెంటనే గుర్తొచ్చేది పాత సినిమాల్లోని క్లబ్బు పాట. అందుకే "వద్దు" అన్న మాట ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేస్తుంది. ఆ మాట అనే ముందు ఆ నాట్యం పుట్టింటిని ఒకసారి చూడండి.

ఈజిప్టులో దీన్ని 'రక్స్ షర్కీ' అంటారు. తూర్పు నాట్యం అని అర్థం. దీని వెనక 'రక్స్ బలదీ' అనే ఇంటి నాట్యం ఉంది. పెళ్లిళ్లలో, ఆడవాళ్లంతా ఒకచోట చేరినప్పుడు, నడుముకో గుడ్డ బిగించి అమ్మమ్మలూ మనవరాళ్లూ కలిసి ఆడతారు. మన పిల్లలు పెద్దవాళ్లను చూసి బతుకమ్మ ఆట నేర్చుకున్నట్టే అక్కడి పిల్లలు దీన్ని నేర్చుకుంటారు. మనం సినిమాల్లో చూసిన తళుకుల దుస్తులు కైరో నాట్యశాలల నుంచీ సినిమాల నుంచీ వచ్చినవి. 1926లో బదియా మసబ్ని అక్కడ తెరిచిన నాట్యశాల నుంచే తహియా కరియోకా, సామియా గమాల్ వంటి తారలు పైకొచ్చారు.

ఇంట్లో ఆడితే మురిసిపోయి, వేదికెక్కితే మొహం చిట్లించడం ఈజిప్టులోనూ ఉంది. అయినా కైరోలో ఇంజినీరింగ్ ప్రొఫెసర్‌గా పనిచేసిన హసన్ ఫహ్మీ తన కూతురు ఫరీదా నాట్యానికి అండగా నిలిచారు. 1959లో మొదలైన రెడా జానపద నాట్యబృందంలో ఆమె ప్రధాన నర్తకి అయింది. మన సంగతీ వేరు కాదు. ఒకప్పుడు కూచిపూడిలో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. ఇవాళ అదే కూచిపూడి క్లాసుకు అమ్మాయిల్ని మనమే బండి మీద దింపి వస్తున్నాం.

ఇక ఇందులోని ఆనందం. భుజాలు కదలకుండా నడుమొక్కటే కదపాలి. నడుముతో గాల్లో ఎనిమిది అంకె గీయాలి. మోకాళ్లు కాస్త సడలించి 'షిమ్మీ' అనే సన్నని వణుకు పుట్టించాలి. ఈ నాట్యానికి దరువు వేసే డర్బుకా అనే వాద్యాన్ని ఈజిప్టువాళ్లు 'తబ్లా' అనే పిలుస్తారు. ఆ దరువు చెవికి పట్టి, వేళ్లకున్న చిన్న తాళాలతో దానికి జత కలిపిన రోజున పిల్ల మొహం చూడండి! కడుపు లోపలికి బిగబట్టి, భుజాలు ముడుచుకుని నడిచే వయసు అది. ఇక్కడ ఆ కడుపును దాచుకోవక్కర్లేదు, సన్నగా ఉండాలన్న షరతూ లేదు.

చేర్పించే ముందు మీరే వెళ్లి ఒక క్లాసు చూడండి. టీచరు ముందు ఒళ్లు వేడెక్కేలా చిన్న కసరత్తులు చేయిస్తున్నారా? నడుము వెనక్కి మరీ వంగితే సరిదిద్దుతున్నారా? ఈ నాట్యం ఎవరిదో, ఎక్కడిదో చెబుతున్నారా? నొప్పి అనిపిస్తే ఆపేయమని మీ అమ్మాయికి ముందే చెప్పండి. టీషర్టు, లెగ్గింగ్స్, నడుముకో చున్నీ చాలు. చిన్నపిల్లలకు పెద్దవాళ్ల వేషాలు వద్దు. వీడియోలు ఎవరు తీస్తారో, ఎక్కడ పెడతారో మొహమాటపడకుండా అడగండి.

ఇంకో రెండు మాటలు. "దీంతోనైనా ఒళ్లు తగ్గుతుందిలే" అనకండి. చుట్టాలొచ్చినప్పుడు "ఏదీ, ఒకసారి ఆడి చూపించు" అని బలవంతపెట్టకండి. సర్టిఫికెట్లూ పోటీలూ లేని సరదా పిల్లలకు ఒక్కటైనా ఉండనివ్వండి.

వీలైతే ఒక సాయంత్రం మీరూ నడుముకో చున్నీ కట్టుకుని తన పక్కన నిలబడండి. ఆ ఎనిమిది అంకె ఎలా గీయాలో మీ అమ్మాయినే నేర్పమనండి.