వర్తకుల వెబ్‌సైట్లు - వాని వేషములు

పూర్వము అంగడి తెరచిన వర్తకుడు ముందుగా నామఫలకము వ్రాయించెడివాడు. నేడు ఆ ఫలకముతోపాటు వెబ్‌సైటు కూడ నుండవలెనని తలంచుచున్నాడు. మన విద్యార్థులలో పలువురి తలిదండ్రులు వ్యాపారస్థులగుటచేతను, పై తరగతుల బాలబాలికలు వెబ్‌సైట్లు కట్టు విద్యను నేర్చుకొనుచుండుటచేతను, వీని రూపము కాలక్రమమున నెట్లు మారినదో, అందు గ్రహింపదగినదేదో, విడువదగినదేదో కొంత చెప్పదలచితిమి.

మొదటి వెబ్‌సైటును టిమ్ బెర్నర్స్ లీగారు స్విట్జర్లాండు నందలి సెర్న్ పరిశోధనాలయమున 1991లో లోకమునకు తెరచిరి. అందు అలంకారము లేదు; అక్షరములును, ఒక పుటనుండి మరియొక పుటకు పోవు లంకెలును మాత్రమే కలవు. 1993లో మొజాయిక్ అను బ్రౌజరు వ్రాత నడుమనే బొమ్మలను చూపెను. 1996 డిసెంబరులో సి.ఎస్.ఎస్. అను విధానము ప్రమాణముగా వెలువడగా, విషయమును వేరుగను, వేషమును వేరుగను ఉంచుట సాధ్యమయ్యెను. నాటినుండి వేషములు మారుచునే యున్నవి.

పిమ్మట వర్తకులకు ఫ్లాష్ అను సాధనముపై మోజు కలిగినది. సైటు తెరవగానే సంగీతము, ఎగురు అక్షరములు, గిరగిర తిరుగు ముద్రలు! సరకు చూడవచ్చినవాడు ఈ నాటకము ముగియువరకు వాకిట నిలువవలసినదే. 2007లో వెలువడిన ఐఫోను ఫ్లాషును నడపలేదు. 2020 డిసెంబరు 31వ తేదీతో అడోబి కంపెనీవారు దాని పోషణ మానివేసిరి. కేవలము దానినే నమ్ముకొని కట్టిన సైట్లు పనికిరాకపోయినవి.

మేలైన మార్పు 2010 మే నెలలో వచ్చినది. ఈథన్ మార్కోట్ గారు ఒక వ్యాసమున 'రెస్పాన్సివ్' అను పద్ధతిని వివరించిరి. నీరు చెంబులో చెంబు ఆకారమును, పళ్లెములో పళ్లెము ఆకారమును పొందునట్లు, ఒకే పుట తెర వెడల్పునుబట్టి తనను తాను సర్దుకొనును. కంప్యూటరులో ప్రక్కప్రక్కన నుండు మూడు వరుసలు ఫోనులో ఒకదానిక్రింద నొకటిగా దిగును. 2015 ఏప్రిలులో గూగుల్ వారు ఫోనునకు తగిన పుటలకు ఫోనుద్వారా వెదకువారి ఫలితములలో ప్రాధాన్యము నిచ్చిరి. అప్పటినుండి వర్తకులు ఈ పద్ధతిని ఉపేక్షింప వీలులేకపోయెను.

2012లో విండోస్ 8, 2013లో ఐఫోను యొక్క క్రొత్తరూపము వచ్చిన తరువాత, ఉబ్బెత్తు బటనులు పోయి అంతయు బల్లపరుపుగా మారినది. చూచుటకు నిర్మలమే. కాని ఏది నొక్కదగినదో, ఏది ఊరక చదువదగినదో తెలియక తికమకపడుట కూడ అప్పుడే హెచ్చినది.

మా విద్యార్థులలో నొకని తండ్రిగారు చేనేత చీరల వర్తకులు. వారు గత సంవత్సరము మంచి సొమ్ము వెచ్చించి వెబ్‌సైటు చేయించిరి. వారి యనుమతితో దానిని తరగతిలో పాఠముగా తీసికొంటిమి. కంప్యూటరులో అది కన్నుల పండువుగనే యుండెను. తెర నిండిన చీరల బొమ్మలు ఐదు వానంతట అవియే జరుగుచుండెను. వాని క్రింద లేత బూడిదరంగున సన్నని అక్షరములు. పిమ్మట ఒక బాలిక తన అమ్మమ్మగారి పాత ఫోను తెచ్చి, ఎండలో నిలిచి, దానిని తెరచినది. మొదటి బొమ్మ వచ్చుటకే చాల సేపు పట్టెను. వెల చదువుదమనునంతలో ఆ చీర జరిగిపోయి మరియొకటి వచ్చెను. అంగడి ఫోను నంబరు మూడు గీతల గుర్తు వెనుక దాగియుండెను. ఈ గుర్తును నార్మ్ కాక్స్ గారు 1981లో జిరాక్సు కంపెనీవారి స్టార్ అను యంత్రమునకై గీసిరి. అంత పాతదయ్యును, ఆ సాయంకాలము చూపినప్పుడు అది నొక్కదగినదని అమ్మమ్మగారికి తోచలేదు. చీరలు కొనునది ఆమెవంటివారే గదా!

అక్షరముల రంగును గూర్చి లెక్కయే కలదు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియము వారు 2008లో ప్రకటించిన నియమముల ప్రకారము, సామాన్యమైన అక్షరమునకును దాని వెనుకటి రంగునకును కాంతిభేదము కనీసము 4.5కు 1గా నుండవలెను. పెద్ద అక్షరములకు 3కు 1 చాలును. శుద్ధమైన తెలుపుమీద శుద్ధమైన నలుపునకు ఇది 21కి 1. మా విద్యార్థులు లెక్కించి చూడగా చీరల సైటులోని బూడిదరంగు ఈ మేరకు చాలలేదు. ఎండలో ఫోను చూచువాడు, ఎంత చూపు గలవాడైనను, కొంతసేపు మందదృష్టి గలవానితో సమానుడే.

తెలుగువారికి మరియొక చిక్కు కలదు. ఇంగ్లీషు అక్షరములకు సరిపడు పంక్తుల యెడము మన లిపికి చాలదు. 'రాష్ట్రము' అను మాటలో ష కారము క్రింద రెండు వత్తులు దిగును, క్రింది పంక్తిలోని గుడి పైకి లేచును, రెండును ఒరసికొనును. ఇంగ్లీషు నమూనాలో తెలుగు మాటలు పోసిన సైట్లలో ఈ లోపము తరచుగా చూచుచున్నాము. యెడమును కొంత పెంచిన చాలును. సన్నగీతల అక్షరములకు బదులుగా మండలి, రామభద్ర, సూరన్న మున్నగు ఫాంటులు గూగుల్ వారియొద్ద ఉచితముగనే లభించుచున్నవి.

ఈ సంగతులన్నియు వర్తకులకు విన్నవింపగా వారు మొదట నొచ్చుకొనిరి. "ఇప్పుడందరు ఇట్లే పెట్టుచున్నారు గదా మాస్టరుగారూ!" అనిరి. ఫోను తెచ్చి వారి చేతికే యిచ్చితిమి. ఎండలోనికి నడచి, తమ అంగడి నంబరును తామే వెదకి, చాలసేపటికి నవ్విరి. నంబరును పుట పైభాగమున పెట్టించిరి; అక్షరములను నలుపు చేయించిరి; జరుగు బొమ్మలను తీయించి, ఒక్క చీరను, దాని వెలను నిలిపిరి. పుట చుట్టును గీయించుకొన్న జరీఅంచు మాత్రము తీయుటకు ఒప్పుకొనలేదు. అది యెవరి చదువునకును అడ్డురాలేదు గావున మేమును పట్టుపట్టలేదు.