డ్రిఫ్టు కారు: ముందు కాగితము, పిమ్మట ఇనుము

ఇల్లు కట్టదలచినవాడు ముందుగా కిటికీలు కొని తెచ్చి వాకిట పెట్టుకొనడు. స్థలము కొలిపించి, పటము గీయించి, ఖర్చు అంచనా వేయించుకొని, ఆ పిమ్మటనే ఇటుకలకు బయానా ఇచ్చును. కారు విషయమున మాత్రము మన బాలురు కొందరు ఈ క్రమమును తలక్రిందు చేయుచున్నారు. తెరమీద డ్రిఫ్టు పందెములు చూచి, మెరయు చక్రములపై మోజుపడి, కారు చేతికి రాకమునుపే వానిని కొనుటకు తలిదండ్రులను సొమ్మడుగుచున్నారు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము" అను సామెత ఇచ్చట చక్కగా చెల్లును. అయినను ఈ కోరికను కసరి త్రోసివేయుటకన్న దానినే ఒక పాఠముగా మలచుట మేలు. అందులకు కావలసిన సంగతులు కొన్ని తలిదండ్రుల కొరకు ఈ క్రింద వివరింపబడినవి.

డ్రిఫ్టు అనగా నేమి? మలుపులో వెనుక చక్రముల పట్టును కావలెననియే తప్పించి, కారు ప్రక్కవాటుగా జారుచుండగా, ముందు చక్రములను ఆ జారు దిశకు త్రిప్పి, ఇంజను శక్తిని హెచ్చించుచు తగ్గించుచు కారును అదుపులో నుంచు విద్య. ఇది జపాను దేశమున 1970 తరువాతి దశాబ్దమున రూపుదిద్దుకొనినది. పందెగాడు కునిమిత్సు తకహాషి దీనికి ఆద్యుడని చెప్పుదురు. కేయిచి త్సుచియా కొండదారులందు సాధన చేసి, 1980 తరువాత దీనిని లోకప్రసిద్ధము గావించెను. 2004లో అమెరికాలో ఫార్ములా డ్రిఫ్ట్ అను పోటీలు మొదలయ్యెను. త్సుచియా పేరుతో ముడివడిన కారు టొయోటా ఏఈ86. అది 1983 మొదలు 1987 వరకు తయారయ్యెను. 1.6 లీటర్ల ఇంజను ముందు భాగమున నుండును. దాని శక్తి వెనుక చక్రములకు చేరును. కారు బరువు టన్నునకు లోపు. మన పాఠమునకు దీనినే ఉదాహరణముగా గైకొందము.

మొదటి మెట్టు ఉద్దేశము. "ఈ కారు దేనికి?" అను ప్రశ్నకు ఒక్క వాక్యమున జవాబు వ్రాయవలెను. సాధనకా, పోటీకా, ప్రదర్శనకా? పోటీకైనచో ఆ పోటీ నిబంధనల పుస్తకమును ముందు చదువవలెను. కారు దొర్లినపుడు మనిషిని కాపాడు ఇనుప పంజరము, ఆసనము, నడుము పట్టీలు ఎట్టివై యుండవలెనో అందు చెప్పియుందురు. నిబంధనకు సరిపడని పంజరమును మరల కోసి తీయవలసినదే.

రెండవ మెట్టు పటము. కారును ప్రక్కనుండి చూచినట్లు 20కి 1 వంతు కొలతతో గీయవలెను. ఏఈ86 ముందు వెనుక చక్రముల నడిమి దూరము 2400 మిల్లీమీటర్లు; కాగితముపై అది 120 మిల్లీమీటర్లగును. దానిపై పలుచని కాగితము పరచి, తలచుకొనిన మార్పు లన్నియు గీయవచ్చును. కారును 40 మిల్లీమీటర్లు దించదలచినచో పటములో 2 మిల్లీమీటర్లు దించిన చాలును. నచ్చనిచో ఆ కాగితము చించివేయవచ్చును. కొనిన వస్తువును చించివేయజాలము గదా!

మూడవ మెట్టు లెక్క. ఏఈ86 చక్రమునకు నాలుగు బోల్టులు, అవి 114.3 మిల్లీమీటర్ల వ్యాసము గల వృత్తముపై నుండును. ఐదు బోల్టుల చక్రము ఎంత చౌకగా దొరకినను దీనికి పట్టదు. ఇక చక్రము వెడల్పునకు మధ్యరేఖకును, బోల్టులు బిగించు తలమునకును గల దూరమును ఆఫ్‌సెట్ అందురు. ఆ తలము మధ్యరేఖకు వెలుపలి వైపున నున్నచో అది ధనసంఖ్య. 6 అంగుళముల వెడల్పును 40 ఆఫ్‌సెట్టును గల చక్రము తీసి, 8 అంగుళముల వెడల్పును 20 ఆఫ్‌సెట్టును గల చక్రము పెట్టుదు మనుకొందము. వెడల్పు 2 అంగుళములు, అనగా 50.8 మిల్లీమీటర్లు పెరిగినది; ప్రతి వైపునకు 25.4. ఆఫ్‌సెట్టు తగ్గుటచే చక్రమంతయు 20 మిల్లీమీటర్లు వెలుపలికి జరుగును. కావున వెలుపలి అంచు 45.4, లోపలి అంచు 5.4 మిల్లీమీటర్లు పెరుగును. మడ్‌గార్డు కడ అంత చోటు లేనిచో దానిని కోయవలెను. ఆ కూలియు ఖర్చులో చేరును. హైస్కూలు విద్యార్థి చేయగల ఈ లెక్క చేయకయే చక్రములు కొని, మూలన పడవేయువారు కలరు.

నాల్గవ మెట్టు వరుస. ఒక భాగము మరియొక భాగమును వెంట తెచ్చును. మామూలు డిఫరెన్షియల్ ఉన్న కారు మలుపులో ఒరిగినపుడు, బరువు తగ్గిన లోపలి చక్రము ఊరక గిరగిర తిరుగును. వెలుపలి దానికి తగిన శక్తి చేరదు. అందుచే రెండు చక్రములకును శక్తి నందించు లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ముఖ్యము. ఇంజను శక్తిని బాగుగ పెంచినచో క్లచ్చి, గేరుబాక్సు, ఇరుసులు తాళవలెను. ప్రక్కవాటుగా పోవు కారు రేడియేటరునకు ఎదురుగాలి సరిగా తగులదు, వేడిమి హెచ్చును. కావున మొదట తుప్పు, బ్రేకులు, కారుటలు బాగుచేయవలెను. పిదప ఆసనము, పట్టీలు, తరువాత డిఫరెన్షియల్, స్ప్రింగులు, చల్లబరచు ఏర్పాటు, అటుపై స్టీరింగు. ఇంజను శక్తియు రంగును కడపటివి. వెనుక టైర్లు త్వరితముగ అరుగును గనుక వానిని మాటిమాటికి వచ్చు ఖర్చుగా వ్రాసికొనవలెను.

చట్టమును మరువరాదు. మన దేశపు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019లో సుప్రీముకోర్టు దీనిని ధ్రువపరచెను. డ్రిఫ్టు కారు మూసిన మైదానమునకే గాని వీధికి తగదు. దానిని లారీపై తరలించు ఖర్చు, మైదానపు రుసుము కూడ పట్టికలో నుండవలెను.

తలిదండ్రులారా! మీ బిడ్డచే ఐదు గళ్ళ పట్టిక వ్రాయింపుడు: భాగము, అది యేల, దానివెంట వచ్చునవి, ధర, కొనవలసిన సమయము. దానిని తెలుగున వ్రాయింపుడు. మన పిల్లలు యంత్రముల పేర్లు పరభాషలలో నేర్చుచున్నారు. అందు దోషము లేదు. పేరు ఏ భాషదైనను పనిని తెలుగున చెప్పవచ్చును. డిఫరెన్షియల్ ఏమి చేయునో నాయనమ్మకు తెలియజెప్పగలిగిన బాలునికి ఆ విద్య పట్టుపడినట్లే. చెప్పలేనిచో ఇంకను పట్టుపడలేదని అర్థము. ఆ పట్టికను నెల దినములు గోడకు తగిలించి, అనుదినము దిద్దుకొననిండు. నెల గడచినను కొట్టివేతకు లోనుగాక నిలచిన పంక్తికే సొమ్మియ్యుడు.