కీళ్ళనొప్పులు గలవారు మోటారు సైకిలు హాండిలును ఎన్నుకొను విధము

మడక చేయించునపుడు మన రైతు వడ్రంగి యొద్ద నిలిచి, మేడిని తన యెత్తునకు సరిపోవునట్లు కోయించుకొనును. మేడి పొట్టిదైనచో సాయంకాలమునకు నడుము పట్టుకొనునని అతనికి ఎవరును చెప్పనక్కఱలేదు. పార కట్టె విషయమునను ఇంతే. అట్టి రైతే వేలకొలది రూపాయలిచ్చి మోటారు సైకిలు కొని, అంగడిలో బిగించియిచ్చిన హాండిలును ఎట్లున్నదో అట్లే పట్టుకొని ఏండ్ల తరబడి తిరుగుచున్నాడు. అది ఎవరి చేతులకు కొలిచి చేసినదని అడుగడు.

ఇది చిన్న సంగతి కాదు. మన చిత్తూరు, తిరుపతి జిల్లాలలో పాలక్యాను కేంద్రమునకు పోవుటయు, దామలచెరువు మండికి మామిడి బేరమునకు పోవుటయు, పొలమునకు ఎరువు చేరుటయు నేడు మోటారు సైకిలు మీదనే. మేము గ్రామములకు పోయినప్పుడు నలుబదియేండ్లు దాటినవారు పలువురు మణికట్టును, బొటనవ్రేలి మొదలును పట్టి చూపుచున్నారు. 2005-06 సంవత్సరములలో రాయలసీమలో వ్యాపించిన చికున్‌గున్యా జ్వరము తగ్గిన పిమ్మటను కీళ్ళనొప్పులు చాలమందిని నెలల తరబడి విడువలేదు. పాలు పితుకు చేయియు, కొడవలి పట్టు చేయియు, క్లచ్చి లాగు చేయియు ఒకటియే గదా. ఆ చేయి చెడినచో సంసారము నిలిచిపోవును.

నొప్పి పుట్టు విధమును మొదట తెలిసికొనవలెను. మణికట్టునందు ఎముకల నడుమ ఇరుకైన సందొకటి కలదు. వ్రేళ్ళను ముడుచు స్నాయువులును, బొటనవ్రేలికిని దాని ప్రక్క వ్రేళ్ళకును స్పర్శజ్ఞానమునిచ్చు నరమును ఆ సందులోనుండియే పోవును. మణికట్టు పైకిగాని క్రిందికిగాని వంగియుండగా ఆ సందు ఇంకను బిగియును. దానికి యంత్రపు అదురు తోడైనచో తిమ్మిరి పుట్టును. చిటికెనవ్రేలు మాత్రమే తిమ్మిరెక్కుచున్న యెడల, అఱచేతి వెలుపలి అంచుమీద బరువు పడుచున్నదని ఊహింపవచ్చును. మోచేయి కొంచెము వంగి, మణికట్టు ముంజేతితో తిన్నగా నుండి, బరువు పిఱుదుల మీదను కాళ్ళ మీదను నిలిచినపుడే చేతికి సుఖము. హాండిలు ఎన్నికయంతయు ఈ యొక్క సూత్రము మీద నున్నది.

ఇందుకొక పరీక్ష కలదు, కాసు ఖర్చులేదు. బండిని స్టాండు మీద నిలిపి, మీరు దినమును కూర్చుండుచోటనే కూర్చుండుడు. రెండు పిడికిళ్ళలో జానెడు పుల్ల నొక్కొక్కటి పట్టుకొని, కన్నులు మూసి, భుజములను వదలి, చేతులను ముందుకు చాపుడు. బిగబట్టకుడు. అంతట ఇంకొకరిని పిలిచి ఆ పుల్లలు హాండిలు పిడులకంటె ఎంత ఎత్తున నున్నవో, ఎంత వెనుకకున్నవో, ఏ వాలున నున్నవో గుర్తింపుమనుడు. పుల్లల వెలికొనలు సాధారణముగా కొంచెము వెనుకకును క్రిందికిని వాలియుండును. మీ చేతులు కోరు హాండిలు అదియే.

ఆ గుర్తులను బట్టి నాలుగు కొలతలు తేలును. ఎత్తు చాలనిచో దేహము ముందుకు వంగి బరువంతయు అఱచేతుల మీద పడును. అయినను మిక్కిలి ఎత్తయిన హాండిలు మంచిదను భ్రమ వలదు. చేతులు భుజముల మట్టమునకు లేచినచో మెడయు భుజములును లాగును. పట్టణపు కుఱ్ఱవాండ్రు వేడుకకు బిగించుకొను ఆకాశపు హాండిళ్ళు రైతునకు పనికిరావు. రెండవది వెనుకకు వచ్చు కొలత. పొట్టిచేతులవారికిని నడుమునొప్పి గలవారికిని ముఖ్యమైనది ఇదియే. పిడులు రెండంగుళములు వెనుకకు వచ్చిననే వంగినవాడు నిటారుగా కూర్చుండును. మూడవది వెడల్పు: భుజములకంటె కొంచెము ఎక్కువ యుండవలెను, మితిమీరినచో మలుపులలో వెలుపలి చేయి చాచుకొనిపోవును. నాలుగవది పిడి వాలు. బొత్తిగా తిన్నని కడ్డీవంటి హాండిలు మణికట్టును ప్రక్కకు విఱుచును.

అయితే అంగడికి పరుగెత్తుటకు ముందు ఉన్నదానినే సవరించి చూడుడు. మామూలు బండ్లలో హాండిలు గొట్టమును పై బిగింపుల బోల్టులు పట్టియుంచును. వాటిని వదలించి గొట్టమును వ్రేలెడంత వెనుకకు త్రిప్పిన మాత్రమున పలువురకు సగము నొప్పి తీరును. తరువాత క్లచ్చి, బ్రేకు మీటల వాలు చూడవలెను. చాచిన వ్రేళ్ళు మణికట్టు వంగకుండ మీట మీద పడవలెను. డిస్కు బ్రేకు గల బండిలో బ్రేకునూనె గిన్నె మీటతోకూడ తిరుగును గనుక దానిని ఎక్కువగా వాల్పరాదు. క్లచ్చి కేబులు ఎండి, పోగులు తెగి యున్నచో ఎట్టి హాండిలును మేలుచేయదు. నూనె వేయుడు, లేదా క్రొత్తది వేయించుడు. మేము చూచినంతలో, ఎడమచేతి నొప్పికి హాండిలుకంటె ఎండిన కేబులే తఱచుగా మూలము. పిడికి మెత్తని రబ్బరు తొడుగు మంచిదే గాని, మిక్కిలి లావైనచో చిన్న చేతులు దానిని ఇంకను గట్టిగా పిండవలసివచ్చును.

ఇంతచేసినను తీరనిచో క్రొత్త హాండిలు కొనవచ్చును. పాతదానిని వెంట తీసికొనిపోయి బిగింపు కడ గొట్టము లావును సరిచూడుడు. మామూలు బండ్లకిది ప్రాయికముగా 22 మిల్లీమీటర్లు. బిగించిన పిమ్మట యంత్రమును నడిపించుచు హాండిలును ఈ కొననుండి ఆ కొనకు త్రిప్పుడు. యంత్రపు వేగము తనంతట పెరిగినను, కేబులు బిగిసినను, తీగలు నలిగినను, బొటనవ్రేలు ట్యాంకునకు తగిలినను ఆ హాండిలు మీ బండికి తగదు. చట్టమును మఱువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము బండి నిర్మాణమును అనుమతి లేక మార్చరాదు. 2019 సవరణము వలన అట్టి మార్పొక్కింటికి 5,000 రూపాయల జుల్మానాయు, ఆరు నెలలవఱకు ఖైదును విధింపవచ్చును. కావున భిన్నమైన హాండిలు వేయుటకు ముందు రవాణాశాఖ కచేరీలో విచారించుట క్షేమము.

బొటనవ్రేలి మొదట నొప్పి యెక్కువగా గలవారు, బండి మార్చు అదను వచ్చినపుడు, హొసూరి టి.వి.యస్. వారి ఎక్సెల్ వంటి దానినో, గేర్లు లేని స్కూటరునో ఆలోచింపవచ్చును. వానిలో క్లచ్చి లాగు పనియే లేదు.

పాలక్యానునుగాని సంచినిగాని హాండిలుకు తగిలింపకుడు. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోల బరువు. బరువులు వెనుక ఇరుప్రక్కల సమముగా నుండవలెను. భాకరాపేట కనుమలోను, మొగిలి కనుమలోను, తిరుమలనుండి దిగు పాత దారిలోను (ఇది 1944లో తెఱువబడినది, 1974లో రెండవ దారి వచ్చినది) దేహము ముందుకు జాఱి చేతుల మీద పడును. అచ్చట మోకాళ్ళతో ట్యాంకును అదిమిపట్టి, తక్కువ గేరులో దిగినచో బ్రేకువ్రేళ్ళకు శ్రమ తగ్గును. తిమ్మిరెక్కిన చేతితో కనుమ దిగరాదు. దారి ప్రక్కన నిలిపి, చేతులు విదిల్చి, మరల బయలుదేరుడు.

హాండిలు మార్చుట వైద్యము కాదు. తెల్లవారి లేచినపుడు కీళ్ళు గంటసేపు బిగుసుకొనియున్నను, వాపు వేడియు కనబడినను, రాత్రులు తిమ్మిరితో మెలకువ వచ్చినను, పట్టిన చెంబు చేజారుచున్నను వైద్యునికి చూపవలెను. తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి ఎముకల, కీళ్ళ వ్యాధులకే ఏర్పడినది. అచ్చటికి పోవునపుడు, దినమునకు ఎన్ని మైళ్ళు బండి నడుపుదురో, ఏ వ్రేళ్ళు తిమ్మిరెక్కునో చీటిమీద వ్రాసికొని పొండు.