జుట్టు నెరిశాక ఏ రంగు?

యాభై దాటిన ఆవిడకు చీర పెట్టాలంటే మన చెయ్యి తిన్నగా గంధం రంగు మీదికో, లేత బూడిద రంగు మీదికో పోతుంది. "పెద్దావిడ, ముదురు రంగులేం కడుతుందిలే" అని మనమే తీర్మానించేస్తాం. భర్త పోయిన ఆవిడైతే ఈ కాపలా మరీ ఎక్కువ. ఆవిడ మొహమాటానికి కట్టుకుని పేరంటానికి వెళితే "ఏంటి వదినా, ఒంట్లో బాలేదా?" అని పలకరింపులు. ఒంట్లో బాగానే ఉంది, తేడా అంతా చీరలోనే.

వయసు పైబడుతుంటే ముందుగా కొట్టొచ్చినట్టు మారేది జుట్టు. కుదుళ్లలో మెలనిన్ తగ్గి వెంట్రుకలు తెల్లబడతాయి. కనుబొమలు పలచబడతాయి, పెదవుల ఎరుపు తగ్గుతుంది. అంతవరకు ముఖానికి నిండుదనం ఇచ్చిన నలుపు ఎరుపులు వెనక్కి తగ్గాక, పక్కనే వెలిసినట్టుండే రంగు చేరితే మనిషే వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. చామనఛాయ వాళ్లకు మట్టి రంగులు చర్మంలో కలిసిపోతాయి. అదే మెరూన్, నెమలికంఠం, వంకాయ రంగు నెరిసిన జుట్టు పక్కన ఎంతో హుందాగా ఉంటాయి. కళ్లు చెదిరే ఫ్లోరోసెంట్ రంగులంటారా, అవి నాకు పాతికేళ్ల పిల్లల మీదా నచ్చవు.

పక్క రంగును బట్టి రంగు మారి కనిపిస్తుందన్నది ఒట్టి నమ్మకం కాదు. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం పనులు చూసే షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, నల్ల నూలు సరిగా నల్లగా లేదని ఫిర్యాదులొచ్చాయి. చూస్తే అద్దకం బాగానే ఉంది. పక్కన నేసిన రంగులే నలుపును దిగదీస్తున్నాయి. 1839లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన, ముఖఛాయ పక్కన ఏ రంగు గుడ్డ ఎలా పనిచేస్తుందో కూడా రాశాడు.

చీరకట్టులో ఇది మనకు బాగా కలిసొస్తుంది. ముఖానికి దగ్గరగా ఉండేవి జాకెట్టు మెడ, భుజం మీది పైట. కుచ్చిళ్ల రంగు ఏదైనా ముఖానికి పెద్దగా పట్టదు. కాబట్టి బీరువాలోని లేతరంగు వెంకటగిరి చీరను ఎవరికో ఇచ్చెయ్యక్కర్లేదు. ముదురు ఎరుపు మంగళగిరి గుడ్డ ఒక మీటరు తెచ్చి జాకెట్టు కుట్టిస్తే అదే చీర మళ్లీ బయటికొస్తుంది. మగవాళ్లకు ఆ పని కాలరు, కండువా చేస్తాయి.

కొనేటప్పుడు కొట్టులోని లైట్లను నమ్మకండి. పాతకాలంలో చేసినట్టే గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూడాలి. చాలామంది ముంజేతి మీద వేసుకుని చూస్తారు. ఎండకు తిరిగే చేతి రంగు వేరు, ముఖం రంగు వేరు. భుజం మీద వేసుకుని అద్దంలో చీరను వదిలేసి ముఖాన్నే చూసుకోండి. కళ్ల కింద నలుపు ఎక్కువైనట్టుంటే ఆ రంగు పక్కన పెట్టెయ్యడమే.

పక్కన మనవరాలుంటే ఇంకా మంచిది. వయసుతో కంటి కటకం పసుపు తిరుగుతుంది, నీలాలు మందగిస్తాయి. నేవీ బ్లూకి, నలుపుకి తేడా పోల్చుకోలేక అవస్థ పడే పెద్దవాళ్లు అందుకే కనిపిస్తారు. శుక్లం తీయించుకున్నాక నీలం ఇంత నీలంగా ఉంటుందా అని ఆశ్చర్యపోయేవాళ్లూ, తెల్లవనుకున్న పంచెలు పచ్చబారి ఉన్నాయని అప్పుడు కనిపెట్టేవాళ్లూ ఉంటారు. ఆపరేషన్ తారీఖు ఖాయమైతే పట్టుచీరల బేరం ఆ తర్వాతే పెట్టుకోండి.