తొలి వేయి మంది

ఉద్దేశం: అంతర్జాలంలో కొత్తగా వీడియో ఛానల్ ప్రారంభించే యువతకు ఎదురయ్యే కష్టాలను తెలియజేయడం, సొంత ఊరిపైన, సొంత భాషపైన నమ్మకంతో, ఓర్పుతో చేసే కృషికి గల విలువను గుర్తింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పూర్వం ఒక మనిషి మాట పదిమందికి చేరాలంటే పత్రికా సంపాదకుడు అంగీకరించాలి. లేదా ఆకాశవాణిలోనో, దూరదర్శన్‌లోనో అవకాశం లభించాలి. 2005లో ఆవిర్భవించిన యూట్యూబ్ ఈ పరిస్థితిని మార్చివేసింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన తరువాత చౌకధరకు లభించే డేటా పల్లెలకు కూడా చేరింది. నేడు కరీంనగర్‌లో గాని, ఆదిలాబాద్‌లో గాని చేతిలో ఫోను ఉన్న విద్యార్థి తాను ఆడే ఆటను రికార్డు చేసి, దానికి తన వ్యాఖ్యానాన్ని జోడించి, కొద్దిసేపటిలోనే లోకం ముందు ఉంచగలడు. తలుపు అందరికీ తెరిచి ఉంది. అందరికీ తెరిచి ఉన్నది కనుకనే లోపల రద్దీ కూడా ఎక్కువ. ఇల్లలకగానే పండుగ కానట్లే, ఛానల్ తెరవగానే వీక్షకులు రారు.

మొదటి కష్టం లెక్కలలోనే కనిపిస్తుంది. యూట్యూబ్ 2018 జనవరిలో ప్రకటించిన నిబంధన ప్రకారం, నిడివి గల వీడియోలపై ప్రకటనల ఆదాయం కోరే ఛానల్‌కు కనీసం 1,000 మంది చందాదారులు ఉండాలి. గడచిన 12 నెలలలో వీక్షకులు ఆ వీడియోలను 4,000 గంటలు చూసి ఉండాలి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు ఒక్కొక్కసారి సగటున నాలుగు నిమిషాలు చూస్తారనుకుంటే, ఏడాదిలో 60,000 వీక్షణలు కావాలి. అంటే రోజుకు సుమారు 165. పేరున్న ఛానల్‌కు ఇది ఒక లెక్కే కాదు. బంధుమిత్రులు తప్ప వేరే వీక్షకులు లేని కొత్త ఛానల్‌కు ఇది కొండంత బరువు.

రెండవ కష్టం వీడియో నలుగురి కంట పడటం. ఏ వీక్షకునికి ఏ వీడియో చూపాలో యంత్రమే నిర్ణయిస్తుంది. ఇంతకు ముందు చూసినవారు ఎంతసేపు చూశారన్నది ఆ నిర్ణయానికి ఒక ముఖ్యమైన ఆధారం. చూసినవారు ఉంటేనే యంత్రం మరికొందరికి చూపుతుంది. యంత్రం చూపితేనే చూసేవారు వస్తారు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అన్న సామెత ఇక్కడ చక్కగా వర్తిస్తుంది. ఈ చిక్కు నుంచి బయటపడాలని కొందరు వీడియోలో లేని వింతను శీర్షికలో చూపుతారు. మోసపోయానని గ్రహించిన వీక్షకుడు కొన్ని క్షణాలలోనే వెళ్లిపోతాడు. అది ఛానల్‌కు మేలు చేయకపోగా కీడే చేస్తుంది.

ఆటల ఛానళ్లకు వీటితోపాటు మరో కష్టం ఉంది. వంట చేసి చూపేవారి వంటిల్లు వారిదే. ఊరిని చూపేవారి ఊరు వారిదే. ఆట మాత్రం ఆడేవారిది కాదు. తెరపై కనిపించే మైదానం, ఆయుధాలు, వాహనాలు ప్రపంచమంతటా ఒక్కటే. పైగా ఆ ఆట ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేము. భారత ప్రభుత్వం 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. దాని స్థానంలో 2021 జులైలో వచ్చిన బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా కూడా 2022 జులైలో నిలిచిపోయి, 2023 మే నెలలో తిరిగి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌పై నిషేధం పడింది. ఒకే ఆటను నమ్ముకున్న ఛానల్ అద్దె స్థలంలో కట్టుకున్న ఇల్లు వంటిది. స్థలం యజమాని పొమ్మంటే గోడలతో సహా వదులుకోవలసిందే.

మరి కొత్త ఛానల్‌కు సొంతమైనది ఏది? ఈ ప్రశ్నకు పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ఒక పల్లె సమాధానం చెప్పింది. కొండగట్టు అంజన్న కొలువైన మల్యాల మండలంలో లంబాడిపల్లి అనే చిన్న గ్రామం ఉంది. 2016 జిల్లాల పునర్విభజన తరువాత అది జగిత్యాల జిల్లాలో చేరింది. ఆ గ్రామానికి చెందిన శ్రీరాం శ్రీకాంత్ 2012లో ‘మై విలేజ్ షో’ అనే యూట్యూబ్ ఛానల్ ప్రారంభించారు. అప్పటికి చౌక డేటా రాలేదు. ఊరి మనుషులే ఆ వీడియోలలో నటులు. ఊరి వాకిళ్లే రంగస్థలం. పల్లె పండుగలు, అలవాట్లు, చిన్నచిన్న తగవులు, వేళాకోళాలే కథావస్తువులు.

కొన్నేళ్లకు ఆ బృందంలో మిల్కూరి గంగవ్వ చేరారు. ఆమె పెద్దగా చదువుకోలేదు. యాభై ఏళ్లు దాటేవరకు పొలాలలో కూలిపని చేశారు. ఆమెకు నటనలో శిక్షణ లేదు. ఉన్నదల్లా తన యాస, తన అనుభవం, మొహమాటం లేని మాట. ఆ మాటకే లక్షల మంది ఆకర్షితులయ్యారు. 2019లో విడుదలైన ‘ఇస్మార్ట్ శంకర్’ చిత్రంలో ఆమె నటించారు. 2020లో బిగ్ బాస్ తెలుగు నాలుగవ విడతలో పాల్గొని, అనారోగ్యం వల్ల మధ్యలోనే బయటికి వచ్చారు. ఆమెతో పనిచేసిన అనిల్ జీల వంటి యువకులు కూడా ఆ ఛానల్ ద్వారానే పేరు పొందారు.

ఈ విజయాన్ని అదృష్టమని తోసిపుచ్చడం సులభం. కాని ఛానల్ పుట్టిన 2012కు, డేటా చౌక అయిన 2016కు మధ్య నాలుగేళ్లు గడిచాయి. కాలం కలిసివచ్చేవరకు పనిని విడువనివారికే ఆ కాలం ఉపయోగపడింది. తెలంగాణ యాసను హాస్యపాత్రలకు పరిమితం చేసే అలవాటు సినిమాలలో చాలాకాలం ఉండేది. ఆ యాసలోనే ఒక ఊరు తన సుఖదుఃఖాలను చెప్పుకోగలదని, దానిని లోకం ఆదరంగా వింటుందని లంబాడిపల్లి నిరూపించింది.

ఆటల ఛానల్ నడిపే విద్యార్థికి ఇందులో ఉపయోగపడే పాఠం ఉంది. ఆట అందరిదైనా వ్యాఖ్యానం అతనిదే. మంచిర్యాల యువకుడు తన ఇంట్లో మాట్లాడే మాటలతో ఆటలోని ఎత్తుగడను వివరిస్తే, అది వేరొకరు చెప్పలేని వివరణ అవుతుంది. ఉట్నూరు ప్రాంతపు గోండు విద్యార్థి తన మాతృభాషలో చెబితే, ఆ భాషలో అటువంటి మాట కోసం ఎదురుచూసేవారు తప్పక వింటారు. పేరున్నవారి గొంతును అనుకరించినవాడు వారి నీడలోనే మిగిలిపోతాడు. ఓడిపోయిన ఆటను దాచకుండా, ఎందుకు ఓడిపోయాడో విడమరచి చెప్పేవాడు వీక్షకునికి స్నేహితుడవుతాడు. ఒక ఆట ఆగిపోయినా ఆ స్నేహం ఆగదు.

ఇక ప్రలోభాల సంగతి. డబ్బిచ్చి నకిలీ చందాదారులను చేర్చుకొంటే అంకె పెరుగుతుంది గాని చూసే కన్ను పెరగదు; పైగా అది యూట్యూబ్ నియమాలకు విరుద్ధం. అంతకంటె ప్రమాదకరమైనది పందెపు యాప్‌ల ప్రచారం. డబ్బు పెట్టి ఆడే అంతర్జాల ఆటలను తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం అటువంటి ఆటలతోపాటు వాటి ప్రకటనలను కూడా నిషేధించింది. 2025లోనే బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేశారన్న ఆరోపణపై పలువురు యూట్యూబర్లపై హైదరాబాదులో కేసులు నమోదయ్యాయి. తనను నమ్మి చూసే తమ్ముని వంటి పిల్లవానిని అప్పులపాలు చేసే సంపాదన ఎంతైనా అది సంపాదన అనిపించుకోదు.

కాలం విలువ కూడా మరువరాదు. పదునెనిమిదేళ్లు నిండనివారు ప్రకటనల ఆదాయం సొంత ఖాతాలో పొందలేరు. పెద్దల సహాయం తప్పనిసరి. ఇంటర్మీడియట్ రెండేళ్లు తిరిగి రావు. ఛానల్‌ను ఎప్పుడైనా కొనసాగించవచ్చు. వారానికి ఒక్క వీడియో అయినా శ్రద్ధగా, క్రమం తప్పకుండా చేయడం చదువుకు అడ్డు రాదు. రాత్రంతా అంకెలు చూస్తూ మేలుకోవడం చదువును, ఆరోగ్యాన్ని రెండింటినీ దెబ్బతీస్తుంది.

తొలి వేయి మంది వీక్షకులు ఒక్కరోజులో రారు. వారిలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక మాట నచ్చి ఆగినవారే. వేయి అనే అంకె కోసం కాక, ఆ ఒక్కరి కోసం నిజాయితీగా మాట్లాడినవాని ఛానల్ నెమ్మదిగానైనా వేరూనుతుంది. ఒకవేళ అది పెరగకపోయినా అతడు నేర్చుకున్న భాష, ఓర్పు, పదిమందిలో మాట్లాడే ధైర్యం అతనికే మిగులుతాయి.

ప్రశ్నలు
1. ఆటల ఛానల్‌ను అద్దె స్థలంలో కట్టుకున్న ఇంటితో ఎందుకు పోల్చారు?
2. లంబాడిపల్లి అనుభవం నుంచి కొత్త ఛానల్ నడిపేవారు గ్రహించవలసినది ఏమిటి?
3. “అంకె పెరుగుతుంది గాని చూసే కన్ను పెరగదు” – ఈ వాక్యాన్ని వివరించండి.