ఆంపియరు ముల్లు కిందికి జారినప్పుడు: యాసంగిలో బోరు మోటార్ల పరిశీలన

శివరాత్రి దాటి ఎండలు ముదిరే కొద్దీ బోర్లలో నీటిమట్టం దిగిపోతూ, యాసంగి వరి పొట్టదశకు, వేరుశనగ కాయ ఊరే దశకు చేరే ఈ రోజుల్లో, స్టార్టరు డబ్బాలోని ఆంపియరు మీటరు ముల్లు రోజూ నిలిచే అంకె కంటే కిందికి జారడం తరచుగా కనిపిస్తుంది. కరెంటు ఎక్కువ లాగితే మోటారు కాలుతుందన్న భయం రైతుల్లో బలంగా ఉన్నందువల్ల, తక్కువ లాగుతున్నప్పుడు మోటారు తేలికగా తిరుగుతోందని సరిపెట్టుకోవడం పరిపాటి అయింది. సబ్‌మెర్సిబుల్ మోటారు విషయంలో ఇంతకంటే నష్టం తెచ్చే పొరపాటు మరొకటి లేదు.

వైండింగు తీగల గుండా పారే విద్యుత్తు ఎంతో ఆంపియర్లలో తెలుస్తుంది. మోటారు ఎంత బరువు మోస్తే అంత కరెంటు లాగుతుంది, పంపుకు నీరే ఆ బరువు. నీరు అందకపోయినా, అయస్కాంత క్షేత్రం నిలబడడానికీ ఇరుసు తిరగడానికీ కొంత కరెంటు తప్పదు కాబట్టి ముల్లు సున్నాకు పడిపోక సగానికి అటూఇటూ ఆగుతుంది, చూసేవారికి మోటారు నడుస్తున్నట్లే ఉంటుంది. అయితే ఆ మోటారును చల్లబరిచేదీ, దాని ఒంటిని ఒరుసుకుంటూ పైకి పోయే నీరే. పంపులోని బుష్‌లకు కందెనగా పనిచేసేదీ ఆ నీరే. అది లేకుండా తిరిగిన ప్రతి నిమిషం అరుగుదలనూ వేడినీ పెంచుతుంది.

ముల్లు తగ్గిందని గమనించగానే మొదట వోల్టు మీటరు చూడాలి. బరువు మారనప్పుడు వోల్టేజి పెరిగితే ఆంపియర్లు తగ్గడం ఈ మోటార్ల సహజ లక్షణం. పక్క పొలాల మోటార్లన్నీ నడిచే వేళ 350 వోల్టులున్న లైను, అవి ఆగాక 410కి చేరితే, 11 ఆంపియర్లు చూపిన మీటరు తొమ్మిదిన్నర దగ్గర నిలవవచ్చు, నీటి ధార మాత్రం తగ్గదు. మోటారు దగ్గర కొత్తగా కెపాసిటరు బిగించినా లైను నుంచి వచ్చే కరెంటు కొంత తగ్గుతుంది. ఈ రెండూ ఆరోగ్యకరమైన తగ్గుదలలే.

వోల్టేజి మారకుండా ఆంపియర్లు పడిపోతే చూడవలసింది డెలివరీ పైపు మూతి. ధార విడిచి విడిచి వస్తూ, మధ్యమధ్య గాలి తన్ని, తెల్లటి నురగతో చిమ్ముతుంటే, ముల్లు కూడా ఆ తాళానికే ఊగుతుంటే, నీటిమట్టం పంపు జాలీ దగ్గరికి దిగిందని అర్థం. ధార పూర్తిగా నిలిచి, ముల్లు ఊగక కింది అంకె దగ్గరే కదలకుండా ఉంటే, మోటారునూ పంపునూ కలిపే కప్లింగు గానీ పంపు ఇరుసు గానీ తెగి ఉండవచ్చు, లేదా గేటు వాల్వు మూసుకుపోయి ఉండవచ్చు, లేదా బోరులో నీరే అడుగంటి ఉండవచ్చు. నీరు తగ్గినా ఆంపియర్లు తగ్గకపోవడం వేరే సంగతి; అప్పుడు బోరులోపల పైపుకు చిల్లు పడి, ఎత్తిన నీరు తిరిగి బోరులోకే పడుతుండవచ్చు, కేసింగు మూతి దగ్గర చెవి పెడితే ఆ చప్పుడు వినిపిస్తుంది.

అన్నిటికంటే మోసం చేసేది ఒక ఫేజు పోవడం. మూడు ఫేజుల మోటారు నడుస్తుండగా ఒకటి తెగితే, ఆ తీగలో కరెంటు సున్నా అయి, మిగిలిన రెండింటిలో సుమారు ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. చాలా స్టార్టరు డబ్బాల్లో ఆంపియరు మీటరు ఒక్క ఫేజుకే ఉంటుంది కనుక, పోయింది ఆ ఫేజే అయితే ముల్లు నేలకు పడుతుంది, లోపల మాత్రం వైండింగు కాలుతుంటుంది. తిరుగుతున్న మోటారు తెగిన ఫేజులో తానే కొంత వోల్టేజి పుట్టిస్తుంది కాబట్టి, ఆ సమయంలో వోల్టు మీటరు మాటా పూర్తిగా నమ్మదగింది కాదు. ముల్లు సున్నా చూపుతూ మోటారు గుయ్‌మని మూలుగుతుంటే తక్షణం ఆపివేయడమే మార్గం. మూడు తీగలనూ విడివిడిగా కొలిచే టాంగ్ టెస్టరు ఎలక్ట్రీషియన్ దగ్గర ఉంటుంది. మూడూ సమానంగా తగ్గితే లోపం నీటి వైపు, ఒకటే తగ్గితే కరెంటు వైపు అని దానితో తేలిపోతుంది.

కరెంటు వైపు లోపాలు ఎక్కువగా కీళ్ల దగ్గరే ఉంటాయి. మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీసి, తీగలో కరెంటు లేదని టెస్టరుతో నిర్ధారించుకున్నాకే డబ్బా తెరవాలి. లగ్గు దగ్గర తీగ తొడుగు గోధుమరంగుకు మారి గోటికి గట్టిగా తగిలితే, లోపలి రాగి పోగులు నల్లబడి ఉంటే, ఆ కీలు వదులై వేడెక్కిందని అర్థం. నల్లబడిన మేర కోసేసి, మెరిసే రాగి వచ్చాక కొత్త లగ్గు వేయించాలి. కాంటాక్టరు పాయింట్లు గుంటలు పడితే ఆకురాయితో గీకి నెట్టుకురావడం కంటే సెట్టు మార్చడం మేలు. ఏబీ స్విచ్ దగ్గర, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర పని లైన్‌మన్‌దే; పంట ఎండుతోందన్న ఆత్రంలో రైతు స్వయంగా ఫ్యూజు వేయబోయి ప్రాణం పోగొట్టుకున్న సంఘటనలు తెలుగు నేలపై ఇప్పటికీ ఆగలేదు.

నీటిమట్టమే కారణమని తేలినప్పుడు, ముల్లు ఊగడం ఆగి ధార నిలకడగా వచ్చే వరకు గేటు వాల్వును కొద్దికొద్దిగా తిప్పి, బోరులో ఊరే నీటికి సరిపడా మాత్రమే తోడాలి; రెండు మూడు గంటలు నడిపి, ఊట కోసం ఆపి, మళ్లీ నడపడం మరో పద్ధతి. నీరు లేనప్పుడు మోటారును తనంతట ఆపే డ్రై రన్ ప్రివెంటరు ఈ కాలంలో తప్పనిసరి. దాని హద్దును నిండు ధార సమయపు ఆంపియర్లలో సుమారు 80 శాతం దగ్గర నిలపవచ్చు. ఆటో స్టార్టరు ఉన్నచోట ఈ సాధనం లేకపోతే, కరెంటు వచ్చిన ప్రతిసారీ ఎండిన బోరులో మోటారు మనిషి లేకుండానే తిరుగుతుంది.

వాల్వు తిప్పి ధార తగ్గించినా ఆంపియర్లు కొంత తగ్గుతాయి కనుక, స్టార్టరు తలుపు లోపలి వైపు పెయింటుతో రాసుకునే నిండు ధార ఆంపియర్ల పాత అంకె కింద, ఆ రోజు తేదీ, వోల్టేజి, కొత్త ఆంపియర్లు రాసి, ప్రివెంటరు హద్దును కూడా ఆ కొత్త అంకెకు తగ్గట్టు మార్చుకోవాలి.